కమిషనరు జీతమూ, ఆడవాళ్ల గదీ

ఊరందరి చేతా పన్నులు కట్టించే మనిషికి, వీధి దీపం నుంచి చెత్త బండి దాకా ఒక్క సంతకంతో కదిలించే మనిషికి నెలల తరబడి జీతం రాలేదంటే మీరు నమ్మరు. నేనూ మొదట నమ్మలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు కష్టాలుండవని అనుకునే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద కుర్చీలోనూ కష్టాలుంటాయి. చెప్పుకోవడానికి మనిషి ఉండడు, అంతే తేడా.

ఊరి పేరు రాయను. రాస్తే ఇంకా ఆ ఆఫీసులో ఉన్నవాళ్లు ఫోన్ చేసి నన్ను తిడతారు. తిరిగి తిట్టే ఓపిక నాకుంది గానీ తీరిక లేదు. తిరుపతికి ఒక బస్సు, చిత్తూరుకు ఒక బస్సు పట్టుకుంటే చేరే ఒక నగరపాలక సంస్థ అనుకోండి. అందులో నేను కౌన్సిల్ విభాగం సూపరింటెండెంటుని. కార్పొరేటర్ల సమావేశానికి అజెండా తయారు చేయడం, సమావేశంలో లేచి నిలబడి దాన్ని చదవడం, వాళ్లు ఒప్పుకున్న దాన్ని తీర్మానంగా రాయడం నా పని.

నా గొంతు గురించి కూడా ముందే చెప్పేస్తే మంచిది. నేను పుట్టి పెరిగింది నగరిలో, పవర్‌లూం మగ్గాల పక్కన. మగ్గాలు ఆడుతుంటే మా ఇంట్లో చారులోకి ఉప్పు కావాలన్నా అరిచే అడగాలి. "మగ్గం మీదికెక్కి వినపడాల పాపా నీ మాట" అనేవాడు మా నాయన. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు నేను హాస్టల్లో రహస్యం చెబితే పక్క గదివాళ్లు జవాబిచ్చేవాళ్లు. ఉద్యోగంలో చేరాక ఆ గొంతే నాకు మెమోలు తెచ్చింది, బదిలీలు తెచ్చింది. ఒక అధికారి నా రహస్య నివేదికలో 'వాదించే స్వభావం' అని రాశాడు. ఆ మాట నిజం కాదని ఆయనతో మధ్యాహ్నమంతా వాదించాను.

ఇక ఆ కమిషనర్. మున్సిపల్ సర్వీసులో కింది మెట్టు నుంచి ఎక్కి వచ్చిన మనిషి. మాట తక్కువ. ఆఫీసు ఖర్చు మీద టిఫిను తెప్పించుకునే అలవాటు లేదు. శనివారం సాయంత్రం డ్రైవరును పంపించేసి, బస్టాండుకు నడిచిపోయి, సొంత ఊరికి ఆర్డినరీ బస్సులో వెళ్లేవారు. నిరాడంబరమైన మనిషి అని మేమంతా మెచ్చుకున్నాం. టిక్కెట్టు తేడా లెక్క చూసుకుంటున్నారని మాకెవరికీ తట్టలేదు.

సంగతి ఇది. బదిలీ మీద వచ్చిన అధికారికి పాత చోటు నుంచి ఒక కాగితం రావాలి. ఈయనకు మేము చివరగా ఇంత జీతం ఇచ్చాం, ఇంత కోసుకున్నాం అని అందులో ఉంటుంది. మేము దాన్ని ఎల్పీసీ అంటాం. అది వస్తేనే కొత్త చోట జీతం ఖరారవుతుంది. అటెండరుకైనా అంతే, కమిషనరుకైనా అంతే. అటెండరుదయితే ఆయనే వచ్చి సెక్షనులో కూర్చుని, మా ప్రాణం తీసి రాయించుకుని పోతాడు. కమిషనర్ అలా చేయలేరు. తన జీతం గురించి తన కింద పనిచేసేవాళ్లను అడగడం ఆయనకు నామోషీ. ఆయన అడగనిది మేము అడగడం మర్యాద కాదు. ఇటొక మర్యాద, అటొక మర్యాద, రెండింటి మధ్యా ఆ మనిషి జీతం ఇరుక్కుపోయింది.

నాకు ఈ విషయం తెలిసింది మా అకౌంట్స్ అధికారి వల్ల. తేనె పూసినట్టు మాట్లాడే మనిషి. కౌన్సిల్ సమావేశానికి ఇంకో రెండు రోజులుందనగా ఒక టేబుల్ అంశం తెచ్చి నా ముందు పెట్టాడు. టేబుల్ అంశమంటే అజెండా అచ్చయి అందరికీ చేరాక, ఆఖరి నిమిషంలో సమావేశం బల్ల మీద పెట్టేది. అందులో, నగర కమిషనర్‌కు నెలనెలా ప్రత్యేక భత్యం ఇవ్వాలని ఉంది. ఎందుకని అడిగితే జీతం సంగతి చెప్పాడు.

"సార్‌కు శానా ఇబ్బందిగా ఉండాది మేడం. ఆ కాగితం ఎప్పుడొస్తుందో ఏమో. కౌన్సిల్లో ఈ భత్యం పెట్టేస్తే ఆయనకూ జరుగుబాటు, మేయర్ గారికీ సంతోషం."

మేయర్‌కు సంతోషం ఎందుకో నాకు తెలుసు. మార్కెట్టు దుకాణాలు పాత బాడుగకే పాత మనుషులకు మళ్లీ ఇవ్వాలనే ఫైలు ఒకటి కమిషనర్ సంతకం లేక ఆగిపోయి ఉంది. జీతం లేని మనిషిని ఈరోజు ఆదుకుంటే, రేపు ఆ సంతకం అడగడం తేలిక. సరే, అది మగవాళ్ల రాజకీయం, నాకు కొత్త కాదు. భత్యం ఏ పద్దు నుంచి ఇస్తున్నారో చదివినప్పుడు మాత్రం నా ఒళ్లు మండింది. మార్కెట్టు దగ్గర పారిశుద్ధ్య మహిళలకు గది, మరుగుదొడ్డి కట్టడానికి పెట్టిన పద్దు అది.

ఆ గది కథ మీకు చెప్పాలి. మా ఊరు ఊడ్చే ఆడవాళ్లు తెల్లవారకముందే మార్కెట్టుకు చేరతారు. పొద్దెక్కి జనం వచ్చాక వాళ్లకు ఒంటికి పోవడానికి తావు లేదు. బస్టాండులో డబ్బులిచ్చి పోదామంటే, మురికి బట్టలతో లోపలికి రావద్దని అక్కడి మనిషి కసురుతాడు. పని అయ్యాక చీర మార్చుకోవాలంటే చెత్త ట్రాక్టరు పక్కన ఇద్దరు టార్పాలిన్ పట్టుకుంటే మూడో మనిషి దాని వెనకాల మార్చుకోవాలి. వాళ్ల మేస్త్రీ నాకంటే రెండు మూడేళ్లు పెద్దది. నేను కూరగాయలకు పోయినప్పుడల్లా అదే మాట అడిగేది.

"ఏం మేడమ్మా, మా గది ఎప్పుడు కట్టిస్తారు? రిటైరయ్యేలోపల ఒగసారన్నా తలుపేసుకోని కోక మార్చుకోవాలని ఉండాది నాకు."

మా దగ్గర కార్లకు షెడ్డు కట్టడానికి ఎప్పుడూ టెండరు దొరుకుతుంది. ఆ గదికి మాత్రం ఏళ్ల తరబడి దొరకలేదు. అందుకే ఆ పద్దు అట్లాగే మిగిలి ఉంది. అకౌంట్స్ అధికారి మాటల్లో చెప్పాలంటే, ఈ ఏడాది వాడకపోతే మురిగిపోతుంది.

"సార్, మీ ఇంట్లో ఆడోళ్లను ఒగ పొద్దంతా ఆ మార్కెట్లో నిలబెట్టండి. మురిగిపోయేది ఏందో సాయంత్రం వాళ్లే చెబుతారు" అన్నాను.

"నీ నోటికి ఎవురు తల్లీ జవాబు చెప్పేది. టైపు చేయించి గమ్మున పెట్టు" అని వెళ్లిపోయాడు.

నేను గమ్మున ఉండే మనిషినయితే ఇది రాసే అవసరమే ఉండేది కాదు. నేరుగా కమిషనర్ గదికి పోయాను. సార్, మీకు జీతం రావడం లేదా అని అడిగాను. ఆయన మొహంలో రంగు మారింది. చేతిలో కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. అకౌంట్స్‌వాళ్లు ఏదో సర్దుబాటు చేస్తామన్నారనీ, వివరాలు అడగలేదనీ చెప్పారు. ఏ పద్దు నుంచి సర్దుతున్నారో నేను చెప్పాను.

"మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టాలి మేడమ్," అన్నారు. "అందుకే అడగకుండా ఊరుకున్నాను. ఇది తెలిసి ఉంటే..."

ఆ వాక్యం ఆయన పూర్తి చేయలేదు. నేనూ చేయించలేదు. పాత చోటు నుంచి ఎల్పీసీ ఎందుకు రాలేదని మాత్రం అడిగాను. ఎన్నిసార్లు రాసినా రాస్తున్నాం, పంపుతున్నాం అంటున్నారట.

మరునాడు సెలవు పెట్టి, మా మేనేజరు చేత ఒక లేఖ రాయించుకుని, పొద్దున్నే బస్సెక్కాను. కమిషనర్ ఇంతకు ముందు పనిచేసింది పుత్తూరు దాటి పోవాల్సిన ఒక చిన్న మున్సిపాలిటీ. అక్కడి గుమాస్తా నన్ను కూర్చోమని కూడా అనలేదు. కూర్చున్నాను. ఎల్పీసీ సిద్ధంగానే ఉందన్నాడు. మరి పంపలేదేం అంటే, సార్ క్యాంపు ఆఫీసు, అంటే ఆయన ఉండిన సర్కారు ఇంటి సామాను పూర్తిగా అప్పగించలేదు, బాకీ లేదనే పత్రం రాలేదు, అది లేకుండా ఇది పంపడానికి లేదు అన్నాడు.

ఏ సామాను తక్కువైందని అడిగితే వెంటనే చెప్పలేదు. ఫైలు తిప్పాడు, ఫ్యాను చూశాడు. చివరికి తేలింది. వెట్ గ్రైండరు. ఒక కమిషనర్ జీతం ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండరు కోసం ఆగింది.

"ఇప్పుడు అది యాడుండాది?" అన్నాను.

గుమాస్తా అటెండరు వైపు చూశాడు. అటెండరు నేల వైపు చూశాడు. అది ఎక్కడుందో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ ఊరి మాజీ ఛైర్మన్ ఇంట్లో పెళ్లికని తీసుకుపోయారు, తిరిగి ఇవ్వలేదు. అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కమిషనర్‌కు రాయాలన్నా, మీ గ్రైండరు ఫలానా వారింట్లో ఉందని కాగితం మీద పెట్టాలి. అదీ ధైర్యం లేదు. అందుకని ఏమీ చేయకుండా ఉన్నారు. ఏమీ చేయకుండా ఉండటం తేలికని అనుకుంటారు గానీ, దాన్ని ఇన్ని నెలలు నడపడానికి ఆ గుమాస్తా ఎంత కష్టపడ్డాడో నేను చూశాను.

ఆటో మాట్లాడుకుని మాజీ ఛైర్మన్ ఇంటికి పోయాను. ఆయన లేడు. ఇల్లాలు గడపలోనే నన్ను ఎగాదిగా చూసింది. విషయం చెప్పాను. ఆమె నవ్వింది.

"మా ఆయన కొన్నాడనుకున్నానమ్మా ఇన్నాళ్లూ. ఎంతయిందని అడిగితే, నీకెందుకు గమ్మునుండు అనేవాడు," అంది. "ఉండు, పిండి తీసి కడిగిస్తా. అంతలోపల కాఫీ తాగు."

కాఫీ తాగాను. ఆమె ఇంకో మాట కూడా అంది. ఇన్నాళ్లూ ఆఫీసువాళ్లు ఆ వీధి వెంట ఎన్నిసార్లు పోయారో, ఒక్కడు లోపలికి వచ్చి అడిగినా అప్పుడే ఇచ్చేదాన్ని కదా అని. గ్రైండరును నా పక్కన ఆటోలో కూర్చోబెట్టుకుని మున్సిపల్ ఆఫీసు ముందు దిగినప్పుడు, అటెండరు పరుగెత్తుకొచ్చి దాన్ని దేవుడి విగ్రహం దింపినట్టు దింపాడు. సాయంత్రం లోపల ఎల్పీసీ నా చేతికొచ్చింది. తిరుగు బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చున్నాను.

సమావేశం రోజు పొద్దున కమిషనర్ గదికి పోయి కాగితం ఆయన ముందు పెట్టాను. చదివారు. మళ్లీ చదివారు. గ్రైండరు సంగతి చెబితే, ఆయన నవ్వడం మొదటిసారి చూశాను. కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నేను సెలవులో ఉన్న రోజే భత్యం అంశం మేయర్ పేరు మీద టేబుల్ అజెండాలోకి వెళ్లిపోయింది. తనకివ్వాలనుకున్న దాన్ని కమిషనర్ తానే ముందుగా ఆపమంటే మేయర్‌ను అవమానించినట్టవుతుంది. టేబుల్ అంశాలన్నీ చివర్లో ఒక్క మాటతో ఆమోదం అయిపోతాయి కాబట్టి, లేచి వద్దనే సందు కూడా దొరకదు.

"చదివితే దొరుకుతుంది సార్," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. "చదవడం మీ పని మేడమ్. మీ పనికి నేను అడ్డం రాను."

ఇక్కడ మా కౌన్సిల్ పద్ధతి ఒకటి చెప్పాలి. కార్పొరేటర్లలో సగం మంది ఆడవాళ్లు. వాళ్ల తరఫున తిరిగేది, మాట్లాడేది, పనులు చూసుకునేది భర్తలు. భర్తలు హాల్లోకి రాకూడదని ఎప్పుడో ఎవరో కమిషనర్ కట్టడి చేస్తే, వాళ్లకోసం మేయర్ ఎదురుగా ఉన్న క్యాంటీన్లో ఒక స్పీకరు పెట్టించాడు. హాల్లో మైకులో ఏం మాట్లాడినా అక్కడ వినపడుతుంది. వాళ్లు వడలు తింటూ విని, ఫోన్లో భార్యలకు చెబుతారు, దీనికి చేయెత్తు, దీనికి ఊరకుండు అని. టేబుల్ అంశాలు వచ్చేసరికి హాల్లోకీ టీ వస్తుంది. నేను నంబర్లు చదువుతాను, అందరూ టీ గ్లాసుల మధ్య నుంచి ఆమోదం అంటారు. లోపల ఏముందో ఎవరూ అడగరు.

ఆరోజూ టీ వచ్చింది. మేయర్ గడియారం చూసుకుని, టేబుల్ నంబర్లు చెప్పమ్మా అన్నాడు. నేను లేచి మొదటి అంశం నంబరు చెప్పి, దాని వెంట దాని విషయమంతా చదివాను. గ్లాసుల చప్పుడు కొంచెం తగ్గింది. రెండోదీ అట్లాగే చదివాను. మేయర్ నవ్వుతూనే, "నంబరు చాలమ్మా, అందరికీ పనులుండాయి" అన్నాడు. అంశం చదివి వినిపించి ఆమోదం తీసుకోవాలని నిబంధనలో ఉందని, నంబరు చదివి తీసుకోవాలని ఎక్కడైనా ఉంటే చూపించమని అన్నాను. ఎవరో నవ్వారు. అకౌంట్స్ అధికారి మొహం తువ్వాలుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

మూడోది భత్యం. "నగర కమిషనర్‌కు..." అనేసరికి మేయర్ కంటి సైగ చేశాడు. మైకు చూసే కుర్రాడు మీట నొక్కాడు. మైకు ఆగిపోయింది.

ఆగితే ఆగింది. మగ్గం మీదికెక్కి వినపడే గొంతు నాది. మైకును పక్కకు జరిపి మొదటి నుంచి మళ్లీ చదివాను. "మార్కెట్టు వద్ద పారిశుద్ధ్య మహిళల విశ్రాంతి గది, మరుగుదొడ్ల నిర్మాణానికి కేటాయించిన మొత్తం నుండి, నగర కమిషనర్‌కు ప్రతి నెలా ప్రత్యేక భత్యం చెల్లించుటకు" అని ఒక్కో మాటా విడదీసి, ఆఖరి వరస దాకా తగిలేటట్టు చదివాను.

ముందు వరసలో ఒక పెద్దామె కూర్చునేది. ఊరిలో కలిసిన పల్లె నుంచి గెలిచింది. పొలం మనిషి. మూడేళ్లలో హాల్లో ఒక్క మాట మాట్లాడి ఎరగదు. వక్కాకు నములుతూ భర్త చెప్పినప్పుడు చేయెత్తేది. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఆ ముక్క ఇంగోసారి సదువు పాపా."

చదివాను.

"అంటే, ఊడ్చే ఆడోళ్ల దొడ్డికి పెట్టిన దుడ్లు తీసి సార్‌కిస్తారా? ఇదేనా నువ్వు సదివింది?"

అదేనన్నాను. ఆమె వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్లను చూసింది. అప్పుడు ఫోన్లు మోగడం మొదలైంది. ఒకటి, రెండు, తర్వాత హాలంతా. ఏమైందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసి నవ్వు ఆపుకోలేకపోయాను. నా నోరు మూయించాలని మేయర్ మైకు ఆపించాడు. దాంతో క్యాంటీన్లో స్పీకరు కూడా ఆగిపోయింది. హాల్లో ఏం జరుగుతున్నదో తెలియక భర్తలందరూ ఒకేసారి ఫోన్లు చేస్తున్నారు.

పెద్దామె ఫోన్ కూడా మోగింది. దాన్ని చూసి, తిప్పి బల్ల మీద బోర్లా పెట్టింది. "మీరూ పెట్టేయండమ్మా. వాళ్లకు మన దొడ్డి సంగతి ఏం తెలుసు," అంది.

ఒక్కో ఫోనూ బోర్లా పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత ఒకామె లేచి, తన వార్డులో అంగన్‌వాడీకి కూడా దొడ్డి లేదంది. ఇంకొకామె, గది ఎన్నేళ్లుగా ఎందుకు కట్టలేదని అడిగింది. అకౌంట్స్ అధికారి టెండరు రాలేదన్నాడు. కార్ల షెడ్డుకు ఎట్లా వచ్చిందో చెప్పు సామీ అందామె. మగ కార్పొరేటర్లలో ఇద్దరు ముగ్గురు కూడా, గెలుపు ఎటు పోతున్నదో చూసుకుని, ఆమె చెప్పింది న్యాయమే అన్నారు.

అప్పుడు కమిషనర్ లేచారు. ఎప్పటిలాగే మెల్లగా మాట్లాడారు. మైకు లేదు కాబట్టి అందరూ ముందుకు వంగి విన్నారు.

"నా జీతం ఖరారు చేసే కాగితం ఈరోజు వచ్చింది. నా జీతం ప్రభుత్వం ఇస్తుంది. ఈ భత్యం నాకు అక్కర్లేదు. కౌన్సిల్ ఒప్పుకుంటే, ఈ అంశం చోట ఆ గది పని వెంటనే మొదలుపెట్టే తీర్మానం రాయించండి."

పెద్దామె చేయెత్తింది. ఈసారి ఆమెకు ఎవరూ ఫోన్లో చెప్పలేదు. ఆడవాళ్లందరి చేతులూ లేచాయి. మేయర్ గట్టి రాజకీయ నాయకుడు, మునిగే పడవలో కూర్చునే రకం కాదు. తానూ చేయెత్తి, ఇది తన చిరకాల కోరిక అని ప్రకటించి, మైకు పెట్టమన్నాడు. మైకు వచ్చింది. క్యాంటీన్లో భర్తలకు వినిపించిన మొదటి మాట, ఏకగ్రీవంగా ఆమోదం.

జీతం పడ్డ రోజు కమిషనర్ తానే మా సెక్షనుకు వచ్చారు. అంతకు ముందు ఏ కమిషనరూ మా గడప తొక్కలేదు. కుర్చీలు జరిగి, అందరూ లేచి, ఎవరిదో నీళ్ల బాటిలు కింద పడింది. ఆయన నా బల్ల ముందు నిలబడి, "ఫీజు కట్టేశాను మేడమ్" అన్నారు. అంతే, వెళ్లిపోయారు. దుకాణాల ఫైలు మీద ఆయన పెట్టిన సంతకం కింద, బహిరంగ వేలం వేయవలెను అని ఉంది.

నన్ను పన్నుల విభాగానికి మార్చారు. శిక్ష అని అకౌంట్స్ అధికారి అందరికీ చెప్పాడు. పన్ను కట్టని పెద్దమనుషులతో రోజంతా వాదించే పనిని నాకు శిక్షగా ఇచ్చినవాళ్లకు నా గురించి ఏమీ తెలియదని అర్థం.

గది లేచింది. ప్రారంభానికి మేయర్ రిబ్బను కత్తిరించాడు. రాతి మీద ఆయన పేరు పెద్దదిగా, కమిషనర్ పేరు చిన్నదిగా చెక్కారు. నా పేరు లేదు, మేస్త్రీ పేరు లేదు, గ్రైండరు పేరు అసలే లేదు. ఫొటోలు తీశారు, మిఠాయి పంచారు, కార్లెక్కి అందరూ పోయారు. మేము కొంతమంది ఆడవాళ్లం మిగిలాం. మేస్త్రీ తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. సంచిలోంచి ఉతికిన చీర ఒకటి తీసింది.

"ఉండండి మేడమ్మా, వస్తా," అని లోపలికి పోయింది.

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు మా అందరికీ వినిపించింది. బయట చెత్త ట్రాక్టరు దగ్గర టార్పాలిన్ మడత పెట్టి ఉంది. మేము ఎవరమూ ఏమీ పట్టుకోకుండా, చేతులు ఖాళీగా, ఆమె కోసం నిలబడ్డాం. ఆమె ఏమాత్రం తొందరపడలేదు.